సింహాచలం మావయ్య గేటు గడియ

మా రైల్వే వర్క్‌షాపులో ఇంజను బాయిలరును గుమ్మడికాయలా పైకెత్తే క్రేను ఒకటుంది. నా గుండెల మీదున్న బరువును దాని కొక్కేనికి తగిలిస్తే క్రేనే ముందుకు తూలి పడుతుంది.

చూశారా? అప్పుడే మొదలుపెట్టాను. బరువు అంత లేదు. ఒక గేటు గడియ ఎంతుంటుందో అంతే. కాని పదేళ్ళు దాటింది, కింద పెట్టలేదు.

మీకెందుకు చెబుతున్నానంటే, మీకు నేనెవరో తెలియదు. తెలిసినవాళ్ళకి చెబితే సగమే నమ్ముతారు. ఖరగ్‌పూర్ ఖరిదా పేటలో మా వీధివాళ్ళకి ఒక అలవాటుంది. నేనేం చెప్పినా అందులో సగం తీసేసి వింటారు. నలభై మంది వచ్చారంటే ఇరవై అనుకుంటారు. నిజానికి ఏడుగురు వచ్చి ఉంటారు. పెళ్ళిళ్ళలో, నాటకాల రిహార్సళ్ళలో నా పక్కన చోటు కోసం కొట్టుకునేవాళ్ళు. (ఇద్దరు. ఒకసారి.) అలాంటి నేను చెప్పిన ఒకే ఒక్క మాటను ఒక మనిషి ఏమీ తీయకుండా మొత్తం నమ్మాడు. అది అబద్ధం.

ఆ మనిషి సింహాచలం మావయ్య. చుట్టరికం లేదు, మా ఇంటికి గోడవతల ఇల్లు. ముప్పై రెండేళ్ళు గూడ్సు గార్డుగా చేసి దిగిపోయాడు. అన్నేళ్ళలో టెయిల్ ల్యాంపు పెట్టడం ఒక్కసారి కూడా మరిచిపోలేదని ఆయన గొప్ప. రైలు చివర ఆ దీపం లేకపోతే బండి పూర్తిగా వచ్చిందో సగం వెనక తెగిపోయిందో ఎవరికీ తెలియదు. నాలాంటివాణ్ణి ఆ దీపం దగ్గర పెడితే దేశమంతా సగం బండ్లే తిరిగేవి.

గార్డు పని పోయినా గార్డు అలవాటు పోలేదు. చేసిన పని పైకి చెప్పడం, అవతలివాడు తిరిగి చెప్పడం. బజారు నుంచి వచ్చి గేటు వేయగానే గట్టిగా అనేవాడు: "గడియ పడినాది, ఆల్ రైట్!" గోడ ఇవతల నుంచి నేను డ్రైవరులా అందుకునేవాణ్ణి: "ఆల్ రైట్ మావయ్యా!" మొదట ఎగతాళికే అన్నాను. తర్వాత అది మా ఇద్దరికీ మామూలైపోయింది. నేను డ్యూటీలో ఉంటే సరే, ఇంట్లో ఉన్న రోజు మాత్రం తిరుగు మాట రాకుండా ఆయన లోపలికి వెళ్ళేవాడు కాదు.

ఇక కుక్క. ఎనభై ఏడో, ఎనభై ఎనిమిదో. మావయ్యతో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన కుటుంబంతో సహా దేశం విడిచి వెళ్తూ, మూడు నెలల పిల్లని ఆయన చేతుల్లో పెట్టిపోయాడు. తెల్లటి పామరేనియన్. పేరు రోజీ. రెండు వంకాయల బరువుండేది. మొరిగితే మాత్రం అవుటర్ సిగ్నలు దగ్గర ఆగిన ఇంజనుకి కూడా లైను క్లియరు అయిందేమోనని అనుమానం వచ్చేది. దానికి తెలుగు రాదు. ఆదిలక్ష్మి అత్త, అంటే మావయ్య భార్య, రెండు రోజులు చూసి మా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏటి బాబూ ఇది, కుక్కా దొరసానా? తెలుగులో తిడితే తోకూపుతాది, ఇంగిలీసులో తిడితే ముడుసుకుంతాది! దేవుడి మూలంతా తడిపీసినాది. నెల్లాళ్ళు సూస్తాను. బుద్ధి రాలేదా, ఇదీ బయటే, దీన్ని తెచ్చినోరూ బయటే!"

బుద్ధి చెప్పే పని నామీద పడింది. ఎందుకంటే వర్క్‌షాపు పెద్ద దొరగారి అల్సేషియన్‌కి షేక్‌హ్యాండు నేర్పింది నేనేనని అంతకు ముందు ఏడాదిగా చెప్పుకు తిరుగుతున్నాను. ఆ కుక్కని నేను గేటు బయటి నుంచి చూశాను. అది నన్ను చూసిన చూపుకి షేక్‌హ్యాండు ఆలోచన నాకెప్పుడూ రాలేదు.

కాని ఈ పని నిజంగా నేర్చుకున్నాను. అది ఒప్పుకోవాలి, మంచి కూడా చెప్పాలి కదా. కుక్కపిల్ల లేవగానే పెరట్లోకి. తిన్న పావుగంటకి పెరట్లోకి. ఆడి ఆడి ఆగిపోయి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే పరుగున పెరట్లోకి. పని కాగానే, అక్కడే, ఆ క్షణంలోనే, ఆరారూట్ బిస్కట్ ముక్క, ముద్దు. ఇంట్లో తడిపితే కొట్టకూడదు, దాని ముక్కు ఆ తడిలో రాయకూడదు, అలా చేస్తే అది నేర్చుకునేది మనకి కనబడకుండా తడపడమే. చెప్పు కొరుకుతుంటే లాక్కోకుండా గుడ్డముడి అందించాలి. ఇంటికొచ్చినవాళ్ళ మీదికి ఎగిరితే అటు తిరిగి నిలబడాలి, నాలుగు కాళ్ళూ నేల మీద పడ్డాకే పలకరించాలి. ఇంట్లో అందరూ ఒకే మాట అనాలి. అందుకని అత్త కూడా కూర్చోమంటే "సిట్టు" అనడం నేర్చుకుంది. అత్త సిట్టు అంటే రోజీతోపాటు మావయ్య కూడా కూర్చునేవాడు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఒకటి. తప్పు జరిగిన క్షణంలోనే చెప్పాలి. ఆలస్యమైతే ఎందుకు చెబుతున్నామో కుక్కకి అర్థం కాదు.

ఇరవై రోజుల్లో దేవుడి మూల పొడిగా ఉంది. అత్త దానికి తన కంచం పక్కన గిన్నె పెట్టింది. ఒక్కటే మిగిలింది, పిలిస్తే రాదు. ఇంగ్లీషులో పిలిచినా రాదు. అప్పుడు నాకు ఆ దరిద్రపు ఆలోచన వచ్చింది. మావయ్య గార్డు ఈల. ఈల ఊదడం, రాగానే బిస్కట్. నాలుగు రోజుల్లో, అన్నం గిన్నె వదిలేసి బాణంలా వచ్చి కాళ్ళ దగ్గర కూర్చునేది.

మావయ్యకి మాత్రం నచ్చలేదు. "ఇంట్లో ఊదుకో, నాను కాదన్ను. గేటు దాటినాక ఊదొద్దు. ఈ ఊర్లో ఈల మనదొక్కలదే కాదు బాబూ" అన్నాడు.

అర్థం కాలేదని చెప్పను. అయింది. రైలు ఈల వినబడని వీధి ఖరగ్‌పూర్‌లో ఎక్కడుంది? కాని లైను పక్క టీ బడ్డీ దగ్గర రోజూ నా కబుర్లు వినే ఫౌండ్రీలో పనిచేసే బెంగాలీ బిమల్ దా ఒకరోజు అందరి ముందూ అన్నాడు: "కుక్క ఛోటా, గప్ బడా!" కుక్క చిన్నది, కోతలు పెద్దవి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. లోపల మాత్రం కాలింది. ఒక్కసారి, తాడు లేకుండా, వాళ్ళ కళ్ళ ముందు ఈల ఊది పిలిచి చూపించాలి. నా జీవితంలో నేను చెప్పిన వాటిలో నిజమైంది అదొక్కటే. దాన్ని కూడా సగం తీసేస్తారా?

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను నా వరండాలో కూర్చున్నాను. అత్త పేరంటానికి వెళ్ళింది. మావయ్య బజారు నుంచి వచ్చాడు. గేటు కిర్రుమంది. ఇనుము ఇనుముకి తగిలింది. "గడియ పడినాది, ఆల్ రైట్!"

నేను పలకలేదు.

పలికితే నేను ఇంట్లో ఉన్నానని తెలుస్తుంది. కబుర్లకి పిలుస్తాడు, ఆయన నిద్రపోడు, నా పని జరగదు. అందుకే ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. గోడవతల ఆయన కాసేపు నిలబడ్డాడు. రెండోసారి కొంచెం తగ్గించి అన్నాడు: "ఆల్ రైట్..." తర్వాత చెప్పులు విడిచిన చప్పుడు. ఆ కాసేపు ఎంతసేపు? ఇంకెక్కడైనా గంట అని రాసేవాణ్ణి. పది అంకెలు లెక్కపెట్టేంత.

ఆయన గురక మొదలవగానే వెళ్ళి గడియ తీశాను. ఒక చేతిలో ఆయన వరండా మేకుకి వేలాడే ఈల, ఒక చేతిలో రోజీ. రెండు నిమిషాల్లో వచ్చేస్తాను కదా అని గేటు వేయలేదు.

లైను దగ్గర ఒక గూడ్సు సిగ్నలు కోసం నిలబడి ఉంది. టీ బడ్డీ ఇంకా యాభై అడుగులుంది. ముందు ఒకసారి సరిచూసుకుందామని రోజీని కింద దించి నాలుగడుగులు నడిచాను. సిగ్నలు పడింది. చివరి వ్యానులో గార్డు పచ్చజెండా తీసి ఈల ఊదాడు.

రోజీ చెవులు లేచాయి. నేను నేర్పిందే చేసింది. ఈల ఎటు వినబడితే అటు పరుగెత్తింది. నేనూ ఊదాను. ఆగింది, వెనక్కి చూసింది. గార్డు మళ్ళీ ఊదాడు, నాదానికంటే బాగా, ముప్పై ఏళ్ళ ఊపిరితో. బండి కదిలింది. వ్యాను మెట్టు దగ్గర తెల్లగా ఒకటి కనబడింది. తర్వాత కనబడలేదు. పట్టాల వెంట అటూ ఇటూ వెతికాను. రక్తం లేదు, వెంట్రుక లేదు. ఎక్కిందా? ఎత్తుకున్నాడా? పక్క పొదల్లోకి పోయిందా? ఇప్పటికీ తెలియదు.

ఈల జేబులో దాచుకుని (ఆ రాత్రే దాని మేకుకి తగిలించేశాను) తిరిగి వచ్చేసరికి మావయ్య గేటు దగ్గర ఉన్నాడు. కాళ్ళకి చెప్పులు లేవు. గడియని పైకీ కిందికీ ఆడిస్తున్నాడు.

"గేటు తీసున్నాది బాబూ. రోజీ లేదు. నాను గడియెయ్యలేదేటి?"

మళ్ళీ గడియ వేసి, తీసి చూశాడు.

"ఏసినట్టే ఉన్నాది నాకు. ఆల్ రైట్ కూడా అన్నట్టున్నాది. ఆదోరం కదా, నువ్వు ఇంట్లోనే ఉండుంతావు, ఇన్నావా?"

అదీ నన్నడిగిన ప్రశ్న. ఆ ఒక్కటే. నేను పుట్టి పెరిగి ఇన్ని మాటలు మాట్లాడింది ఆ ఒక్క చోట సరిగ్గా మాట్లాడడానికేనేమో. నేనేమన్నానో తెలుసా?

"ఇనలేదు మావయ్యా. మరిసిపోనావేమో."

ఆయన గడియ వదిలేశాడు. "నిజిమే. నువ్వు తిరుగు మాట అన్లేదు. నాను సెప్పుంతే నువ్వు అందువు కదా" అన్నాడు.

సాయంత్రందాకా ఇద్దరం వెతికాం. లైను వైపు వెళ్దామన్నాడు. "అటు ఎల్లదు మావయ్యా, బజారు వైపు సూద్దాం" అన్నాను. నిజం చెప్పి ఉంటే? ఆయన స్టేషనుకి పరుగెత్తి, తెలిసినవాళ్ళని పట్టుకుని, ముందు స్టేషనుకి ఫోను చేయించి, ఆ వ్యానులో చూడమని అడిగి ఉండేవాడు. ఆ గూడ్సు ఇంకా ఎంతో దూరం పోయి ఉండదు. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసే బజారులో కూరగాయల బుట్టల వెనక "రోజీ, రోజీ" అని అరుస్తూ తిరిగాను. ఆయనకంటే నా గొంతే పెద్దది.

కుక్క పోయింది. కుక్క ఒక్కటే అయితే నేను ఇంత రాయను.

మరుసటి రోజు నుంచి ఆయన గేటు వేసి, నాలుగడుగులు వెళ్ళి, మళ్ళీ వచ్చి గడియ ముట్టుకునేవాడు. కొన్నాళ్ళకి రెండుసార్లు. తర్వాత పొయ్యి. తర్వాత కుళాయి. "ఆల్ రైట్" అనడం మానేశాడు. అన్నానో లేదో తనకే నమ్మకం లేనప్పుడు అనడం ఎందుకని కాబోలు. అత్త తాళాలు తన కొంగుకి కట్టుకుంది. "ఆయనకి మరుపొచ్చీసినాది బాబూ, మరేటనుకోకు" అని నాకే చెప్పింది. నాకే!

మా తెలుగు నాటకాలకి ఆయనే ప్రాంప్టరు. పుస్తకం లేకుండా తెర పక్కన స్టూలు మీద కూర్చుని, పద్యాలూ వచనమూ అందరివీ అందించేవాడు. ఆ ఏడు పుస్తకం పట్టుకొచ్చాడు. వరుస కింద వేలు పెట్టి చూసుకుంటూ, అది సరైన వరుసేనా అని పై పుట తిప్పి చూసుకుంటూ ఉండగా, రంగం మీద రాజు వేషగాడు చెయ్యి పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. జనం ఈలలు వేశారు. విదూషకుణ్ణి నేను. గెంతి, పడి, నవ్వించి నెట్టుకొచ్చాను. జనం చప్పట్లు కొట్టారు. తెర పడ్డాక మావయ్య పుస్తకం మూసి నా చేతికిచ్చి, "ఇక నావల్ల కాదు. బుర్ర ఖాళీ అయిపోనాది" అన్నాడు.

అప్పుడు చెప్పొచ్చు. తెర పక్కన ఇద్దరమే ఉన్నాం. నోరు తెరిచాను కూడా. "పర్లేదు మావయ్యా, వయసు" అన్నాను. ఒక అబద్ధం మీద రెండోది పెట్టాను.

ఎందుకు చెప్పలేదు? చిన్నచూపు చూస్తాడనా? చూసేవాడు, రెండు రోజులు తిట్టేవాడు, మూడోరోజు టీకి పిలిచేవాడు. అది తెలుసు. మరి? మొదటి రోజు చెబితే నేను కుక్కని పోగొట్టినవాణ్ణి. ఏడాది తర్వాత చెబితే ఆయన బుర్రని పోగొట్టినవాణ్ణి. ఆలస్యమైన ప్రతిరోజూ నేరం పెద్దదైంది. పెంచి చెప్పడం నా పనే కదా, ఇది మాత్రం నేను పెంచకుండానే పెరిగింది.

పోయే ముందు ఏడు ఆయన నన్ను పిలిచి ఈల ఇచ్చాడు. "నా కాడుంతే ఎక్కడో పెట్టి మరిసిపోతాను. నీకైతే అన్నీ గేపకం" అన్నాడు. తీసుకున్నాను. ఆయన తొంభై నాలుగులో పోయాడు. ఆ గేటుకి ఇప్పుడు అత్త గడియ వేస్తుంది. ఏమీ అనదు.

ఈల నా బల్ల సొరుగులో ఉంది. ఊదలేదు. అత్తకి చెప్పాలా? చెబితే తేలికపడేది నేనే కదా, ఆవిడకి మిగిలేదేమిటి? ఏళ్ళ తరబడి మొగుణ్ణి మతిమరుపు మనిషని అనుమానించానన్న బాధ. ఈ మాట కూడా నన్ను నేను కాపాడుకోవడానికే అంటున్నానా? కావచ్చు. ఇంకా తేలలేదు.

తప్పు జరిగిన క్షణంలోనే చెప్పకపోతే ఎందుకు చెబుతున్నామో కుక్కకి అర్థం కాదన్నాను. మనిషికి అర్థమవుతుంది. కాని ఆ మనిషి ఉండాలి.

ఆయన లేడు గనక మీకు చెబుతున్నాను. ఇందులో సగం తీయకండి. ఆయన నన్నడిగిన ప్రశ్న ఒక్కటే, ఇన్నావా అని. ఇన్నాను మావయ్యా. గడియ పడినాది. నువ్వు రెండుసార్లు అన్నావు. రెండుసార్లూ నాను ఇన్నాను.