మేడమీది మామ బిస్కెట్ డబ్బాలు

నా చిన్నప్పుడు మద్రాసు కోడంబాక్కంలో మేమున్న ఇంటి మేడమీద, ఒంటిగదిలో ఒకాయన ఉండేవాడు. మేడమీది మామ అనేవాళ్లం. బతుకుతెరువుకు పెళ్లిపత్రికలు స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాడు. అది అయ్యాక సొంత పిచ్చి మొదలు. వీధిలో పడి ఉన్న చిరుగు కాగితాలు, సబ్బు అట్టలు, శనగల పొట్లాలు ఏరుకొచ్చి, మాటలున్నవి ఒక బిస్కెట్ డబ్బాలో, బొమ్మలున్నవి ఇంకో డబ్బాలో వేసేవాడు. ఇళ్ల ముందు వంగి ఏరుకునే మనిషి కాబట్టి అందరికీ ఆయన మీద ఒక కన్ను ఉండేది.

ఒకరోజు అమ్మ చేతిగడియారం కనబడలేదు. అనుమానం ఎటు పోయిందో చెప్పక్కర్లేదు. అమ్మ ఇంటి ఓనరమ్మ చెవిన వేసింది. ఆమె ఆదివారానికల్లా గది ఖాళీ చేయమంది. నిజం నాకొక్కదానికే తెలుసు. అడక్కుండా బడికి పెట్టుకుపోయి, బస్సులో పోగొట్టింది నేనే. దెబ్బలకు భయపడి నోరు మెదపలేదు. పైగా, ఆయన మన వాకిట్లో వంగి ఏదో తీసుకున్నాడని నేనూ ఓ మాట కలిపాను. తలుచుకుంటే ఈ వయసులోనూ సిగ్గేస్తుంది.

శనివారం అమ్మ నన్ను పిలిచి, "ఊరికే పోయినట్టు పైకి పొయ్యి చూసి రా. ఆడ మన వాచీ ఏమన్నా కనిపిస్తుందేమో," అంది. లేదని తెలిసీ వెతకడానికి వెళ్లాను.

మామ సామాన్లన్నీ మూటగట్టి ఉన్నాయి. డబ్బాలు మాత్రం బల్లమీదే ఉన్నాయి. "ఈడ కూర్చో పాపా," అని, కళ్లు మూసుకుని ఒక్కో డబ్బాలోంచి ఒక్కో ముక్క తీశాడు. "నేనే ఎంచుకుంటే నా బుద్ధే కనిపిస్తుంది. అందుకే కండ్లు మూసుకుంటా," అన్నాడు. బొమ్మ, తలనూనె సీసా కాగితం మీది రెండు జడల పిల్ల. మాటలు, ఏ వారపత్రిక సీరియల్‌లోవో: "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా."

వాటిని అచ్చువేసే జాలీ తెరకు ఎక్కించడానికి ఒక పూట పట్టింది. ఈయనకు తెలుసా, నన్ను బస్సులో చూశాడా అని ఆయన ముఖాన్నే కనిపెడుతూ కూర్చున్నాను. ముఖంలో ఏమీ లేదు. ఎర్రరంగు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగి, అచ్చుపడిన కాగితం నా చేతికిచ్చాడు. "ఆరినాక మీ అమ్మకు చూపించు."

అది ఆరే దాకా నేను ఆగలేకపోయాను. మెట్లు దిగుతూనే ఏడుస్తూ అమ్మకు అంతా చెప్పేశాను. అమ్మ కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని ముందు ఓనరమ్మ దగ్గరికి, తర్వాత పైకి తీసుకెళ్లింది. "తప్పు మాదే అన్నా. మనసులో పెట్టుకోవద్దు," అంది. ఆయన మూట విప్పడం మొదలుపెట్టాడు.

ఆ బొమ్మ ఇప్పటికీ మా హాలు గోడమీదే ఉంది. ఆయన ఆరోజు కళ్లు గట్టిగా మూసుకున్నాడా, కాస్త సందు వదిలాడా అన్న అనుమానం మాత్రం నాకింకా తీరలేదు. మొన్న మనవరాలి ఇయర్‌ఫోన్లు కనబడకపోతే, నా చూపు పనమ్మాయి సంచీ మీదికి పోబోయింది. మధ్యలో ఆ రెండు జడల పిల్ల కనిపించింది. "ముందు నీ బ్యాగులో చూసుకోవే," అన్నాను మనవరాలితో.