నర్సమ్మ పెద్దమ్మ సెట్ చేస్తే

లక్ష్మీనర్సమ్మ పెద్దమ్మకు ఇంగ్లీషులో ఒకే ఒక్క క్రియ వచ్చు. ఇంకోటి నేర్చుకోవాల్సిన అవసరం ఆమెకు ఈ అరవై ఏళ్లలో ఎన్నడూ పడలేదు. ఆ క్రియ ‘సెట్’.

వరంగల్ బట్టల బజారు సందులో ఆమెది గాజుల దుకాణం. పక్కదే మా నాన్న దుకాణం కాబట్టి నా హోంవర్కులన్నీ పెద్దమ్మ గల్లాపెట్టె పక్కనే జరిగాయి. పొద్దున షట్టర్ ఎత్తితే దుకాణం సెట్. ఫ్యాన్ మొరాయిస్తే కర్రతో రెండు తగిలిస్తే ఫ్యాన్ సెట్. ఎదురు దుకాణం ఎల్లస్వామి మామ పెళ్లాంతో మాటలు మానేశాడని తెలిసి, వాళ్లింటికి పోయి ఇద్దరినీ చెడామడా తిట్టి, “సెట్ చేసొచ్చిన” అంటూ వచ్చి చాయ్ తాగింది. ఆ సాయంత్రమే ఆలుమగలు ఒకే బండి మీద, ఒక్క గొంతుతో పెద్దమ్మను తిట్టుకుంటూ పోవడం నేను కళ్లారా చూశాను.

బేరాలూ అంతే.

“పెద్దమ్మా, పసుపు చీరకు ఏ గాజులు మంచిగుంటయి?”

“ఆకుపచ్చయి సెట్ అయితయి.”

“నీలం చీరకు?”

“దానికి సుత ఆకుపచ్చయే సెట్ అయితయి.”

“మరి ఎర్రదానికి?”

“ఆకుపచ్చయి స్టాకు మస్తుగున్నది బిడ్డా, జర నువ్వే సెట్ చేసుకో.”

ఒకసారి మోకాలు నొప్పి అంటే దవాఖానకు తీసుకుపోయాను. కుర్ర డాక్టరు, పాపం, “ఏం ఇబ్బందమ్మా?” అని అడిగాడు.

“మోకాలు సెట్ లేదు సారూ. దాంతోని రాత్రి నిద్ర సెట్ అయితలేదు. నిద్ర లేక పొద్దుగాల కోడలితోని సెట్ అయితలేదు.”

“కోడలికి నా దగ్గర మందు లేదమ్మా.”

“గట్లయితె మోకాలు సెట్ చెయ్యిరి. ఆమెను నేను సెట్ చేసుకుంట.”

నేను ఇంగ్లీషులో ఎం.ఏ. చేశాక, పెద్దమ్మను ఆశ్చర్యపరుద్దామని ఇటుకంత లావు నిఘంటువు మోసుకుపోయి చూపించాను. “చూడు పెద్దమ్మా, నీ మాట ఒక్కదానికే పేజీలకు పేజీలు అర్థాలున్నయి.” కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీలు తిప్పి చూసి, జాలిగా నా తల నిమిరింది. “ఒక్కదానికే గిన్ని ఉంటె, మిగతయన్ని ఎందుకు నేర్సుకున్నవే? ఉత్తగ కండ్లు పాడుచేసుకున్నవ్.”

ఇన్నేళ్లూ నవ్వుకోవడానికే పనికొచ్చిన ఆ మాట, నా సీమంతం నాడు మా అమ్మ పరువు నిలబెట్టింది.

హన్మకొండలో మా అత్తగారింట్లో వేడుక. మా ఆయన రమాకాంత్ మేనత్త పూలమ్మ ఆ ఇంటికి పెద్ద దిక్కు. మనసు వెన్నే కానీ ఆచారం దగ్గర మాత్రం ఇనుపగుగ్గిళ్లు. గాజులు తొడిగే వేళకు ఆమె మా అమ్మ దగ్గరికి వచ్చింది.

“వరలక్ష్మి చెల్లె, ఏమనుకోకు. మొగడు లేనిదానివి, గాజులు తొడిగేటప్పుడు జర అవుతల ఉండు. పిల్ల మంచికే గద.”

“అయ్యో, దాందేమున్నదక్కా” అని నవ్వుతూనే అమ్మ వంటింటి గుమ్మంలోకి పోయి నిలబడింది. నాన్న పోయాక ఒంటిచేత్తో దుకాణం నడిపి నన్ను చదివించిన మనిషి.

“మొదటి గాజు మా అమ్మే తొడగాలె పూలమ్మత్తా” అన్నాను.

“కడుపుతోటి ఉన్నప్పుడు గిసొంటి మొండితనం వద్దు బిడ్డా.”

అంతే, మాట ముగిసిపోయింది. సరిగ్గా అప్పుడే గాజుల పెట్టెతో దిగిన పెద్దమ్మ ఇదంతా విన్నది. గుమ్మంలో ఉన్న అమ్మను చూసింది, నా మొహం చూసింది. “మంచిది, సెట్ చేద్దాం తియ్” అని చాప మీద కూర్చుని పూలమ్మత్త చేతికి ఒక పచ్చగాజు అందించింది.

గాజు నా వేళ్ల కణుపుల దగ్గరే ఆగిపోయింది. సబ్బు నురగ పెట్టారు. కొబ్బరినూనె రాశారు. మా అత్తగారు ప్రయత్నించారు, ఎదురింటి చిలుకమ్మ ప్రయత్నించింది. నేను “అమ్మా!” అని అరిచినప్పుడల్లా పెద్దమ్మ తల అడ్డంగా ఊపుతూ “మీ చెయ్యి సెట్ అయితలేదు” అంటోంది.

“అయితె నువ్వే తొడుగు నర్సమ్మా” అన్నారెవరో.

“నేను తొడుగుతె బేరమైతది, శుభమెట్లయితది? మొదటిది ఇంటోళ్లే తొడగాలె.”

పూలమ్మత్త పట్టుదలగా మళ్లీ ఒత్తింది. టక్కున గాజు చిట్లింది. శుభమా అని చేసుకునే వేడుకలో గాజు చిట్లేసరికి అందరూ పూలమ్మత్త వైపే చూశారు.

“కడుపుతోటి ఉన్న పిల్ల, చెయ్యి వాస్తది. సుతారంగ ఒత్తాలె” అంది పెద్దమ్మ తాపీగా. “చిన్నప్పటి సంది దీనికి గాజులు తొడిగిన చెయ్యి ఒక్కటున్నది. దానికైతె సెట్ అయితది. కని మీరు వద్దంటిరి. ఇంకోటి పగిలితె నన్ను అనద్దు మల్ల.”

పూలమ్మత్త గాజు ముక్కల వైపు చూసింది, నా వైపు చూసింది. చివరికి తనే పిలిచింది. “వరలక్ష్మి చెల్లె... జర రావే.”

అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. పెద్దమ్మ ఆ పెట్టె మూసేసి తన సంచిలోంచి ఇంకో కట్ట తీసిచ్చింది. మొదటి గాజు జారినట్టు పోయి మణికట్టు మీద కూర్చుంది. రెండోదీ అంతే. “తల్లి చెయ్యి తల్లి చెయ్యే!” అని అందరికంటే ముందు కళ్లొత్తుకున్నది పూలమ్మత్తే. అమ్మ మాత్రం ఏడుపూ నవ్వూ కలిసిపోయి తల ఎత్తలేదు.

నేను పెద్దమ్మ చెవిలో అడిగాను. “నాది రెండు-ఆరు సైజు. ముందుగాల ఇచ్చినయి రెండు-రెండు గద, బడి పిల్లలయి?”

“నోర్ముయ్యవే!” అని తొడపాశం పెట్టింది. మా బజారులో ఏ ఆడపిల్ల నడిచిపోయినా దూరం నుంచే చేతి సైజు చెప్పగల మనిషి, సైజు మరిచిపోయిందంటే దేవుడు కూడా నమ్మడు. ఆ తొడపాశం మంట నాకు వేసిన హారం కంటే ముద్దుగా అనిపించింది. ఆమె మేలు ఎన్ని భాషలు నేర్చినా చెప్పలేను.

ఇక వచ్చిన పేరంటాళ్లకు గాజులు తొడిగించే వంతు వచ్చింది. పెద్దమ్మ పెట్టె విప్పి తొడగడానికి సిద్ధమవుతుంటే, పూలమ్మత్త ఆమెను దాటి పోయి మా అమ్మ ముందు కూర్చుని రెండు చేతులూ చాపింది.

“నాకు సుత నువ్వే తొడుగు చెల్లె. నీ చెయ్యి మంచిది.”

ఆమె వెనకాల పేరంటాళ్ల వరుస అప్పటికే గుమ్మం దాటి బయటికి పోయింది.