కాకులను కాల్చిన పెదనాన్న

మా పెదనాన్న పోయారు. టోవా పాయో పేటలో వాళ్ల ఫ్లాట్‌లో మధ్యాహ్నం భోజనం చేసి, కుర్చీలో వాలి, మళ్లీ లేవలేదు. ఫోన్ చేసింది పెద్దమ్మ. "మీ పెదనాన్న లెగట్లేదమ్మా, నువ్వొచ్చి ఓపాలి పిలువు" అంది. ఇది ఏడుస్తూ కాదు, ఒళ్లు మండి రాస్తున్నాను. పదో రోజున సముద్రం ఒడ్డున విస్తరి వేసి, పిండం, ఆయనకిష్టమైన చేప పెట్టి కాకి కోసం చూస్తుంటే, ఆయన సొంత చెల్లెలు, మా చిన్నత్త, అందరూ వినేలా అంది: "కాకుల్ని కాల్చినోడి పిండం కాకి ముడతాదేటి?"

ఆ మాటకు జవాబు చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

పెదనాన్న పుట్టింది మలేషియాలో, పామాయిల్ తోటలో. మా తాత ఆ తోటకు కాపలా. అడవిపందులు మొక్కల మొదళ్లు పెళ్లగిస్తుంటే తుపాకీ పట్టుకుని తిరిగేవాడు. కొడుకుకు ఆ విద్య అబ్బింది. మలేషియాను ఆనుకున్న ఈ చిన్న దీవికి వచ్చి షిప్‌యార్డులో వెల్డర్‌గా చేరాక కూడా లైసెన్సు తెచ్చుకుని, క్లబ్బులో కాలుస్తూ, ఆఖరికి ఊళ్లో పెరిగిపోయిన కాకులను తగ్గించడానికి ప్రభుత్వం పంపే షూటర్ల బృందంలో చేరారు. ఇప్పుడంటే బోనులు పెడుతున్నారు గానీ, అప్పట్లో తుపాకీతోనే.

ఆయన మంచి మనిషే, సౌమ్యుడు మాత్రం కాదు. ఏ వాదనలోనూ ఓడిపోవడం ఎరగరు. టీవీలో వార్తలు చదివే అమ్మాయితో కూడా పోట్లాడేవారు. తుపాకుల సంగతి వస్తే ఇంకా మొండి. ఒకసారి చిన్నత్త కొడుకు, మా బావ, ఆస్ట్రేలియాలో స్నేహితుడి గొర్రెల ఫారానికి వెళ్తూ సలహాకు వచ్చాడు. అక్కడ నక్కలు గొర్రెపిల్లలను ఎత్తుకుపోతున్నాయట. బ్లాక్ కింద తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో కాఫీ తాగుతూ మాట్లాడుకున్నారు. నేనూ పక్కనే ఉన్నాను.

"పెద్ద రైఫిల్, త్రీ నాట్ ఎయిట్ అడుగుతా మామా. వన్ షాట్, ఫినిష్ లా" అన్నాడు బావ, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి.

"నక్కెంతుంటాదిరా? మా షిప్‌యార్డు గేటుకాడి కుక్కలో సగం. దానికంత తూటా ఎందుకు? సన్న తూటాది, టూ ట్వంటీ త్రీ సాలు. గాలి బలంగా కొడితే టూ ఫార్టీ త్రీ. కుందేలైతే, అదీ దగ్గర్నుంచైతే, అన్నిటికన్నా బుల్లిది, ట్వంటీ టూ."

"పెద్దదైతే సేఫ్ కదా మామా?"

"ఎవడికి సేఫ్? అది బుజం మీద తన్నుతాదని బయపడి కళ్లు మూసుకుంటావు. తూటా కాలికి తగుల్తాది. ఆ నక్క ఈడ్చుకుంటా పోయి ఏ పొదలోనో రెండ్రోజులు గిలగిల్లాడి సస్తాది. సంపుతానికెళ్తన్నావు, హింస పెట్టడానికి కాదు." గొంతు పెరిగేసరికి పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. "సరే, నక్క ఎనకాల ఏటుంటాది? ఇల్లా, రోడ్డా, మట్టిగట్టా?"

"తెలీదు లా."

"తెలుసుకుని రా. అప్పుడడుగు ఏ తుపాకో."

ఇక్కడ కాకులకు రైఫిల్ ఎందుకు వాడరంటే కూడా ఇదే చెప్పేవారు. ఏ కొమ్మ వెనక చూసినా ఎవరిదో కిటికీ, ఎవరో ఆరేసిన బట్టలు. రైఫిల్ తూటా ఆగమంటే ఆగదు. అందుకే చిన్న రవ్వలు చిమ్మే షాట్‌గన్. అవి కాస్త దూరం పోయాక జోరు తగ్గి రాలిపోతాయి. అయినా వెనక మనిషి నీడ కనిపిస్తే తుపాకీ దించేసేవారు. కాల్చిన రోజు స్నానం చేయకుండా ఎవరినీ ముట్టుకునేవారు కాదు.

మహాలయ అమావాస్య నాడు మాత్రం ఎవరు పిలిచినా వెళ్లేవారు కాదు. "ఈయాల మా అయ్య తిరుగుతుంటాడు. ఏ కాకో నాకేటి తెలుసు?" అనేవారు. మేం నవ్వితే కోప్పడేవారు.

ఇలాంటి మనిషిని పట్టుకుని అంత మాట! అన్నది ఎవరు? వాళ్ల బ్లాక్ ముందు చెట్టు మీద కాకి గూడు పెట్టి, మనవరాలి తల మీద తన్నిందని, "అన్నయ్యా, అర్జెంటుగా వచ్చి కాల్చేయ్" అని ఫోన్ చేసిన మా చిన్నత్తే. అలా కుదరదు, కంప్లైంట్ పెట్టమన్నందుకు నెల రోజులు మూతి ముడుచుకుంది. మనకు కిటికీ ముందు కాకి ఉండకూడదు. చచ్చాక విస్తరి ముందు మాత్రం పిలవగానే వచ్చి వాలాలి. ఒక్క చెత్తకుండీ కూడా మూత తెరిచి లేని ఆ ఒడ్డుకు కాకి ఎందుకొస్తుంది?

ఒడ్డున మావాళ్లు ఊరుకోలేదు. పెద్దవాళ్లు ఒక్కొక్కరే విస్తరి దగ్గరికి వెళ్లి, "నీ పెళ్లాన్ని మేం చూసుకుంటాం, వచ్చి తిను" అని మాటిచ్చారు. కాకి రాలేదు. ఎండ ముదిరింది. అప్పుడు చిన్నత్త పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"వదినా, అన్నయ్య తరపున నువ్వు లెంపలేసుకో. తప్పయిపోయిందని కాకులికి సెప్పు. లేపోతే ఆడికి గతి లేదు."

పెద్దమ్మ మొహం చూసి నాకు ఎవరినైనా కొట్టాలనిపించింది. అప్పటిదాకా ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి, నిజంగానే ఆయనకు గతి లేదేమోనని భయపడింది. చేతులు చెంపల దాకా లేచాయి.

అక్కడే ఆగాయి.

"ఏసుకోను" అంది. "మీరందరూ పోవాలన్న కాకుల్నే ఆయన కాల్చాడు. నేనెందుకేసుకోవాలి లెంపలు?"

చెయ్యి విడిపించుకుని వెళ్లి విస్తరి ముందు ఇసుకలో చతికిలబడింది. విస్తరిని తన వైపు లాక్కుంది. మా నాన్న కంగారుగా, "వదినా, అది తినకూడదు!" అన్నాడు.

"నా మొగుడి ఎంగిలి నాకు కొత్తేటి?" అంది పెద్దమ్మ.

పెద్దమ్మ చేపలో ముల్లు తీసి విస్తరి అంచున పెట్టి, అన్నం కలుపుకుంది.