పందొమ్మిది మీద ముక్క అడిగిన మనిషి

ఎల్డన్ స్ప్రాగ్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. ఎక్కడ ఏం చెడిపోయినా "తప్పు నాదే" అనేస్తాడు. చెడగొట్టినవాడు నోరు తెరిచేలోపే అనేస్తాడు. రీనో లాంటి జూదశాలల ఊళ్ళో ఇది మామూలు జబ్బు కాదు. అక్కడ తన తప్పు తాను ఒప్పుకున్న మనిషిని అంతవరకూ ఎవరూ చూసి ఎరగరు.

"వెండి గాడిద" జూదశాలలో పేక పంచే అమ్మాయి మైటేకి ఆయన లిఫ్టులో పరిచయమయ్యాడు. లిఫ్టు రెండంతస్తుల మధ్య టక్కున ఆగిపోయింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే మూల నుంచి ఒక బక్కపలచని పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నాదేనండీ. పొద్దున పాన్‌కేకులు రెండు ఎక్కువ తిన్నాను."

ఆయన పక్కనే సగం లిఫ్టు ఆక్రమించి ఒక పశువుల వ్యాపారి నిలబడి ఉన్నాడు. "చూసుకుని తినాలి కదయ్యా!" అని ఆ వ్యాపారి గట్టిగా మందలించాడు.

ఇంకోసారి ఒక అంత్యక్రియల్లో, "అప్పుడే వెళ్ళిపోయాడే!" అని భార్య ఏడుస్తుంటే ఓదార్చబోయి, అలవాటు కొద్దీ "తప్పు నాదేనమ్మా" అన్నాడట. మర్నాడు షెరిఫ్ మనుషులు వచ్చి, ఆ రోజు ఎక్కడున్నావు, ఏం చేశావు అని తెగ అడిగారు. పోయినాయన తొంభై దాటి, నిద్రలో పోయాడు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎల్డన్ రేడియోలో వాతావరణం చదివేవాడు. మంచు పడితే ఊరంతా ఫోన్ చేసి ఆయన్ని తిట్టేది. "మంచుని తిడితే దానికి వినపడదు కదమ్మాయ్, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు పాపం?" అనేవాడు మైటేతో. ఈయనకి స్క్రూ ఒకటి లూజని మైటే అప్పుడే తేల్చేసుకుంది.

ఇలాంటి మనిషికి బ్లాక్‌జాక్ ఆట దొరికింది! ఇరవై ఒకటి దాటకుండా, పేక పంచే డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాలి, దాటితే మునిగినట్టే, అంతే ఆట. కానీ ఆడేవాళ్ళ శాస్త్రం వేరే ఉంది. గెలిస్తే తమ తెలివి, ఓడితే పక్కవాడి బుద్ధితక్కువతనం. అందులోనూ డీలర్‌కి సరిగ్గా ముందు ముక్క తీసుకునే చివరి కుర్చీ వాడు పుట్టు దోషి. ముక్క అడిగితే, "డీలర్‌ని ముంచాల్సిన ముక్క నువ్వు లాగేశావ్!" అంటారు. అడక్కపోతే, "ఆ ముక్క నువ్వు లాగి ఉంటే ఏం పోయింది?" అంటారు. డాక్టర్లూ లాయర్లూ కూడా ఈ శాస్త్రాన్ని భక్తిగా నమ్ముతారు.

ఎల్డన్ మాత్రం ఖాళీ ఉంటే చాలు, ఏరికోరి చివరి కుర్చీలోనే కూర్చుంటాడు. ఆ బల్ల మీద అంతా హాయి. పళ్ళ డాక్టరు ఓడిపోయి, "ఎవడి దరిద్రమో!" అంటాడు. "నాదేనండీ," అంటాడు ఎల్డన్. డాక్టరు శాంతించి మళ్ళీ పందెం కాస్తాడు. "జీతమిచ్చి కూర్చోబెట్టాల్సిన మనిషి," అనేవాడు మేనేజరు, జీతం మాట మాత్రం ఎత్తకుండా.

ఇక ఫిబ్రవరిలో అక్కడ పెట్టిన బ్లాక్‌జాక్ పోటీ సంగతి. అందరికీ సమానంగా ఉత్తుత్తి బిళ్ళలిస్తారు. ఆట అయ్యేసరికి ఎవరి గుట్ట పెద్దదైతే వాళ్ళకి హవాయి యాత్ర, ఇద్దరికి టికెట్లు.

ఫైనల్ రోజు పొద్దున కాఫీ దగ్గర నోరీన్ హాస్కెల్ మైటేని పట్టుకుంది. ఫైనల్‌కి మిగిలింది ముగ్గురే: ఎల్డన్, నోరీన్, ఆమె భర్త వెర్నన్. వెర్నన్‌కి ఓడినప్పుడల్లా కనపడే కారణం ఒక్కటే, నోరీన్.

"చూడు మైటే, పెళ్ళయిన దగ్గర్నుంచీ పడుతున్నా. ఇవాళ బల్ల దగ్గర అందరి ముందూ నన్ను ఒక్క మాట అన్నాడా, అట్నుంచటే బస్సెక్కి బాయ్‌సీలో మా అక్క దగ్గరికి పోతా. మళ్ళీ రాను."

"ఊరుకోండి, కోపంలో అంటున్నారు."

"కోపమైతే పోయేదే. నాకు విసుగొచ్చింది."

వెనకాల కప్పు పట్టుకుని ఎల్డన్ నిలబడి ఉన్నాడు. "తప్పు నాదే," అన్నాడు.

"మా ఆయన నోటికి మీరేం చేశారండీ?" అంది నోరీన్, వెనక్కి తిరిగి.

"అదే ఆలోచిస్తున్నా," అన్నాడు ఎల్డన్.

కుర్చీలకి చీటీలు తీశారు. ఎల్డన్‌కి మొదటి కుర్చీ, వెర్నన్‌కి మధ్యది. నోరీన్‌కి చివరిది! వెర్నన్ బల్ల కదిలేలా నిట్టూర్చాడు. నిట్టూర్పు కూడా మాటేనా అని మైటే నోరీన్ వైపు చూసింది.

ఆట మొదలైంది. నోరీన్ ఒక ముక్క అడిగింది, వెర్నన్ పందెం పోయింది.

"నోరీన్, నీకసలు—"

"తప్పు నాదే!" ఎల్డన్ అరిచాడు. "నేను తుమ్మాను."

"ఆట మధ్యలో తుమ్ముతావేంటయ్యా!"

ఇంకో పందెం పోయింది. "ఒసే నో—"

"నాదే! కాలు మీద కాలేసుకున్నా."

"దించు! ముందు ఆ కాలు దించు!"

ఇలా ఆఖరి పందెం దాకా లాక్కొచ్చాడు ఎల్డన్. ఈ గొడవలో ఎలా వచ్చిందో గాని ఆయన గుట్టే అందరికంటే పెద్దది. ముగ్గురూ ఉన్నదంతా ముందుకు తోశారు. మైటే పంచింది. ఎల్డన్‌కి పందొమ్మిది, వెర్నన్‌కి ఇరవై, నోరీన్‌కి పదకొండు. డీలర్‌కి పైకి కనపడుతున్నది ఆరు. పదిహేడు వచ్చేదాకా ముక్క లాగాల్సిందే కాబట్టి, డీలర్‌కి ఆరంటే సగం మునిగినట్టే. ఎల్డన్ కదలకుండా కూర్చుంటే హవాయి దాదాపు ఆయనదే.

నోరీన్ మాత్రం ముక్క అడగాల్సిందే. ఆమె అడిగాక డీలర్‌కి మంచి ముక్క పడిందా, ఇక వెర్నన్‌ని ఆపడానికి తుమ్ములూ కాళ్ళూ చాలవు. ఎల్డన్ ఒకసారి నోరీన్ వైపు చూశాడు. ఆమె హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. ఆయన వేలితో బల్ల మీద తట్టాడు.

"ముక్క వెయ్యమ్మాయ్."

"ఎల్డన్ గారూ, మీకు పందొమ్మిది!"

"తెలుసు. వెయ్యి."

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. చుట్టూ నిలబడినవాళ్ళు నెత్తి కొట్టుకున్నారు. మైటే వేసింది. ఏడు! ఎల్డన్ ఆట ముగిసింది. నోరీన్‌కి పది పడి ఇరవై ఒకటయింది. మైటే తన మూసిన ముక్క తిప్పితే పది, మొత్తం పదహారు. తర్వాతి ముక్క అయిదు. డీలర్‌కీ ఇరవై ఒకటే!

వెర్నన్ ఇరవై గాల్లో కలిసిపోయింది. నోరీన్ సరిసమానం కాబట్టి ఆమె బిళ్ళలు ఆమెకే ఉన్నాయి. గెలిచింది నోరీన్.

వెర్నన్ లేచాడు. మైటే కళ్ళు మూసుకుంది.

"ఎల్డన్! బుద్ధుందా నీకు? పందొమ్మిది మీద ముక్క అడుగుతారా ఎవరైనా? నువ్వు లాగకపోతే ఆ పది డీలర్‌కి పడి మునిగేవాడు కదయ్యా!"

"నిజమే. తప్పు నాదే."

ఎల్డన్ని, ఆయన రేడియోని, ఆయన చదివిన మంచుని కూడా కలిపి తిట్టాడు వెర్నన్. తిట్టి తిట్టి ఊపిరి అయిపోయి భార్య వైపు తిరిగేసరికి లోపల ఏమీ మిగల్లేదు.

"నువ్వు... బాగా ఆడావే."

"ఏమన్నావ్?"

"బాగా ఆడావన్నా! చెవుడా?" అని గబుక్కున నాలిక కరుచుకున్నాడు. నోరీన్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మైటే ముక్కలు సర్దుతూ మెల్లిగా అడిగింది. "నిజం చెప్పండి. ఎందుకడిగారు?"

"ఆ తిట్లు ఎవరో ఒకరు తినాలి కదమ్మాయ్. ఆవిడకి ఇక అరగవు. నాకు బాగా అరుగుతాయి."

ఇన్నాళ్ళూ ఈయన్ని పిచ్చివాడనుకున్నందుకు మైటేకి సిగ్గేసింది. ఇంతలో నోరీన్ టికెట్ల కవరుతో వచ్చింది. "ఎల్డన్ గారూ, మీకూ ఒక టికెట్ కొంటున్నాం. మాతో రావాలి."

"వాడెందుకే మనతో?" అన్నాడు వెర్నన్.

"అక్కడ నువ్వు ఎవర్ని తిడతావు మరి?"

వెర్నన్ గడ్డం గోక్కున్నాడు. "ఎల్డన్, నీకు సముద్రపు గాలి పడుతుందా?" అన్నాడు.

ఏప్రిల్‌లో ముగ్గురూ వెళ్ళారు. విమానం ఆలస్యమైంది, వెర్నన్ పెట్టె ఇంకో దీవికి పోయింది, ఎండకి వీపు కాలి బొబ్బలెక్కింది. అన్నిటికీ ఎల్డన్ దొరికాడు. నోరీన్ మాత్రం చెట్టు నీడన పడక కుర్చీలో వారమంతా హాయిగా నిద్రపోయిందట.