రంపం సిస్టర్, ఆవిడ తమ్ముడు

మా క్లినిక్కులో బీపీ చూసే నర్సును వెనకాల అందరం రంపం సిస్టర్ అంటాం. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. "రంపం లేకపోతే మీలాంటి మొద్దులు దారికొస్తారా?" అంటుంది. పక్కనే మందుల కిటికీలో కూర్చునేవాణ్ణి కాబట్టి ఆ కోత అందరికన్నా ఎక్కువ భరించింది నేనే.

మనసు జబ్బులకూ, తాగుడు మాన్పించడానికీ మా దగ్గర వరండా చివర ఒక గది వేరే ఉండేది. అందులో డాక్టరమ్మ ఈగలు తోలుకుంటూ కూర్చునేది. ఆ గుమ్మం ముందు నిలబడితే నలుగురూ పిచ్చివాడనుకుంటారని అటుకేసి ఒక్కరూ తొంగి చూసేవారు కాదు. చేతులు వణికేవాళ్ళూ, నిద్ర పట్టనివాళ్ళూ, అందరూ బీపీ వరసలోనే. మాత్ర మింగడం, మళ్ళీ తాగడం, బీపీ తగ్గలేదని వచ్చి నా మాత్రల్ని తిట్టడం. నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి రంపం సిస్టరే ఆ డాక్టరమ్మ బల్లను ఈడ్పించుకొచ్చి తన గదిలో తెర వెనక వేయించింది. ఇక ఎవరొచ్చినా చేతికి పట్టా చుట్టి, గాలి కొట్టి, అది బిగిసి ఉన్నప్పుడే అడిగేది: "రోజూ తాగుతున్నావా? నిద్ర పడుతోందా?" పట్టా చేతికుండగా లేచి పారిపోలేరు కదా! అడిగి నోరు మూసుకునేది. గాలి దిగేలోపు నిజం బయటపడేది. మాట్లాడిస్తే లెక్క తప్పొస్తుందని పెద్ద డాక్టరు మొత్తుకుంటే, "మళ్ళీ చూస్తాలెండి" అనేది.

ఇందరిని దారిలో పెట్టిన మనిషికి సొంత తమ్ముడు మాత్రం కొరుకుడు పడలేదు. అతను దర్జీ. భార్య పోయాక తాగుడు మరిగాడు. నెలనెలా బీపీకి వచ్చేవాడు, నెలనెలా అదే తంతు.

"తాగుతున్నావా? తాగుతూనే ఉంటావులే, మొహం చూస్తే తెలీడం లేదూ! నిన్ను బాగుచేయడం ఎవరి తరం?"

అతను తలొంచుకుని వెళ్ళిపోయేవాడు. ఆవిడేమో రోజంతా మా మీద విరుచుకుపడేది. వీళ్ళిద్దరితో నాకు విసుగెత్తిపోయింది.

మొన్న వచ్చినప్పుడు మనిషి సగమైపోయి ఉన్నాడు. ఆవిడ మామూలుగానే మొదలుపెట్టింది.

"ఆగక్కా," అన్నాడు. "అందర్నీ అడిగి ఊరుకుంటావు. నన్ను అడిగి జవాబు కూడా నువ్వే చెప్పేస్తావు. ఇంక నేను చెప్పడానికేముంది?"

ఆవిడ మళ్ళీ నోరు తెరిచింది. ఒక్క నిమిషం ఊరుకో తల్లీ అని నేను కిటికీలోంచే దండం పెట్టాను. ఎందుకో, ఊరుకుంది.

"పొద్దున లేవగానే తాగుతున్నాను. లేకపోతే సూదిలోకి దారం ఎక్కదు. ఈమధ్య ఆ పని కూడా ఎందుకనిపిస్తోంది. బతకాలని లేదక్కా."

ఆవిడ తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో తెర లాగింది. డాక్టరమ్మ అప్పటికే లేచి నిలబడి ఉంది.

"మా తమ్ముడండీ," అంది రంపం సిస్టర్. "వీడితో ఏం మాట్లాడాలో నాకు తెలీడం లేదు."