మెల్లగ జరుపక్కా

సిరిసిల్ల నుంచి ఫోన్ చేసిన అక్కకు నేనిచ్చిన సలహా రెండే మాటలు. "మెల్లగ జరుపక్కా."

జగిత్యాలలోని మా చిన్న ఆఫీసులో చీర అంచుల డిజైన్లు వేసే ప్రోగ్రాం ఒకటి తయారుచేశాం. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది కానీ, కంప్యూటర్‌లో ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్‌లాగే ఉంటుంది. పక్కనున్న పువ్వును మౌస్‌తో పట్టుకుని అంచు మీదికి లాగి వదలాలి. దాన్ని పరీక్షించడం నా పని. చేత్తో కాదు, మనిషికి బదులు బ్రౌజర్‌ను నడిపే టూల్‌తో. ఫారాలు నింపే, బటన్లు నొక్కే మామూలు పేజీల్లో అది నన్నెప్పుడూ మోసం చేయలేదు. ఈసారీ పరీక్షలన్నీ తెర మీద పచ్చ గుర్తులతో పాసయ్యాయి. ఆ మాట డైరీలో రాసుకుని కింద గీత కూడా గీశాను.

అక్క అంటే సొంత అక్క కాదు, మా ప్రోగ్రాం కొన్న మరమగ్గాల షెడ్డులో ఏళ్లుగా దారం కండెలు చుట్టి, కొత్తగా కంప్యూటర్ ముందుకొచ్చిన మనిషి.

"మెల్లగనే జరుపుతున్న చెల్లే, పువ్వు నడుమల్నే పడిపోతున్నది. నా చెయ్యి వణుకుతున్నదో ఏందో" అంది రెండోసారి ఫోన్ చేసి.

మూడోసారి నవ్వుతూనే చెప్పింది. "కండెలు చుట్టే చేతికి మౌసు ఎందుకని మా షెడ్డు సేటు ఎక్కిరిస్తుండు. నిజం చెప్పు, తప్పు నాదేనా?"

"మా దగ్గరైతే అన్నీ పాసైనయక్కా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక మొదటిసారి మౌస్ నేనే పట్టుకున్నాను. గబుక్కున లాగితే పువ్వు అతుక్కుంది. మెల్లగా లాగితే దారిలో పువ్వు పేరు చూపే చిన్న పెట్టె తెరుచుకుని పువ్వు జారిపోయింది. నా టూల్ ఇక్కడ పట్టుకుని రెప్పపాటులో అక్కడ వదిలేస్తుంది. నడుమ దారి దానికి లేదు. ఆమె పని చెడగొట్టింది నా సలహానే.

మధ్యాహ్నానికల్లా మా ఆఫీసువాళ్లు ప్రోగ్రాం సరిచేశారు. ఆమెకు మాత్రం చెప్పలేకపోయాను. మెసేజ్ రాసి, చెరిపి, మళ్లీ రాసి, నాలుగో రోజు సెలవు పెట్టి కోరుట్లలో మా ఇంటి నుంచి సిరిసిల్ల బస్సెక్కాను.

షెడ్డులో కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. అక్క కండెల మిషన్ దగ్గరుంది.

"తప్పు మాదక్కా" అన్నాను.

"ఏందీ? మగ్గాల సప్పుడుకు ఇనవడ్తలేదు!"

క్లాసులో హాజరు కూడా గట్టిగా పలకనిదాన్ని, అరిచాను. "తప్పు నాది! నీ చేతిది కాదు!"

సేటు కూడా తిరిగి చూశాడు. అక్క నవ్వింది.

"గీ ముచ్చట ఫోన్ల చెప్తే గింత ఒర్రుడు తప్పుతుండె కదనే."

"అయితే రేపటి సంది కంప్యూటర్ కాడ కూసోమను" అన్నాడు సేటు, ఆమెతో కాదు, నాతో.

"వద్దులే చెల్లే. నాతోని కాదని మొన్న సేటుకు నేనే చెప్పిన" అంటూ ఆమె తెగిన దారాన్ని చూడకుండానే ముడివేసింది. ఆ వేళ్లు కొంచెం కూడా వణకలేదు.