టికెట్టు కొనుక్కున్న మాజీ ఎమ్మెల్యే

2004వ సంవత్సరం. నాది తాడిపత్రి అయినా ఉద్యోగం జిల్లాలో మరో మూల, చిన్న డిపోలో. నైట్ హాల్ట్ బస్సులో కండక్టరుని. నైట్ హాల్ట్ అంటే బస్సు రాత్రికి పల్లెలోనే ఆగిపోయి, తెల్లారి మొదటి ట్రిప్పుగా టౌనుకు బయలుదేరుతుంది. అంతకు ముందు సభలో మా ఎమ్మెల్యేగా ఉన్న పెద్దాయన పట్టుబట్టి వేయించిన బస్సు అది. ఆ ఏడు ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. ఆ పల్లె కూడా ఆయనకు చెయ్యిచ్చింది.

కొన్నాళ్ళకు మా డిపో మేనేజరు పిలిచి, బస్సుకు ఓఆర్ లేదన్నారు. ఓఆర్ అంటే ఆక్యుపెన్సీ రేషియో, సీట్లకు తగ్గట్టు టికెట్లు తెగుతున్నాయా లేదా అని చూసే లెక్క. మా బస్సేమో రోజూ కిటకిటలాడేది. కానీ ఎక్కేదంతా హైస్కూలు ఆడపిల్లలు, అందరికీ ఉచిత పాసులు. కాబట్టి కాగితాల్లో మాది ఖాళీ బస్సు. నెల రోజులు చూసి తీసేస్తామన్నారు. తీసేస్తే కొత్త ఎమ్మెల్యే మనుషులు సంతోషిస్తారన్న ముక్క ఆయన పైకి అనలేదు, నాకు అర్థం కాకపోనూ లేదు.

పదో తరగతి చదివే మారెక్క అనే పిల్ల రోజూ నా సీటు పక్కనే నిలబడేది.

"అన్నా, బస్సు నిలిపేస్తారంట, నిజమేనా?"

"ఇంకా చూస్తాండార్లే పాపా."

"బస్సు లేకుంటే బడి మాన్పించి శెనక్కాయలు ఒలిచే పనికి పంపిస్తానన్నాడు మా నాయన."

నాకు మనసు పాడైపోయింది. బస్టాండు టీ హోటల్లో పెద్దాయన కనిపిస్తే విషయమంతా చెప్పాను. విన్నారు, ఊ అన్నారు, వెళ్ళిపోయారు. ఇంతేనా అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆయనే బస్సెక్కారు. మాజీ సభ్యులకు ఉచిత పాసు ఉంటుంది. ఆయన దాన్ని జేబులోంచి తీయనే లేదు.

"పాసు ఉండాది కదన్నా?" అన్నాను.

"పాసు చూపిస్తే నీ లెక్కలోకి రాను కదప్పా. టికెట్ కొట్టు."

అక్కడితో ఆగలేదు. రోజూ సాయంత్రం టికెట్టు కొని పల్లెకు రావడం, తెల్లారి మళ్ళీ టికెట్టు కొని టౌనుకు పోవడం మొదలుపెట్టారు. ఓడినా ఆయన ఇంటికి సిఫార్సుల కోసం, పంచాయితీల కోసం జనం వస్తూనే ఉండేవాళ్ళు. అందరికీ ఒకటే మాట: "బస్సులో కనపడు." పింఛను రాని ముసలమ్మ, పొలం గట్టు దగ్గర కొట్టుకున్న అన్నదమ్ములు, అందరూ టికెట్టు కొని ఎక్కాల్సిందే. తగాదా తెగకపోతే పల్లె దాకా రావాల్సిందే. తొందరగా తెగేటట్టుంటే ఆయనే పాత సంగతులు కెలికి సాగదీసేవారు. నాకు నవ్వాగేది కాదు. కారు అమ్ముకున్నాడంట పాపం అని బయట జనం నవ్వుకున్నారు. ఆయన కాదనలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "మీకు ఓటెయ్యని ఊరికి ఈ తిప్పలు ఎందుకన్నా?"

"ఓట్లేసేది పెద్దోళ్ళు. బస్సెక్కేది పిల్లోళ్ళు. వాళ్ళతో నాకేం పంచాయితీ ఉండాది?"

నెల గడిచింది. లెక్క బాగుంది, ప్రస్తుతానికి బస్సు ఉండనిస్తామన్నారు. సంబరంగా పోయి చెబితే పెద్దాయన మొహంలో సంతోషం లేదు.

"నేను ఎన్నాళ్ళని తిరుగుతాను? నువ్వు పల్లెలో చెప్పు. కొత్త ఎమ్మెల్యేని పిలిపించి, బస్సు నిలబెట్టినందుకని దండెయ్యమను."

నాకు ఒళ్ళు మండింది. "ఆయప్ప ఏం చేసినాడన్నా?"

"ఏమీ చెయ్యలేదు. అయినా ఆయప్ప పేరు పడితే అది ఆయప్ప బస్సు అయితాది. తన బస్సును తానే ఎట్ల తీస్తాడు? నా సంగతి మాత్రం ఎత్తొద్దు."

అలాగే జరిగింది. కొత్త ఎమ్మెల్యే టెంకాయ కొట్టి, బస్సు మెట్టు మీద నిలబడి, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానన్నారు. మారెక్క, తక్కిన పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, పళ్ళు నూరుకుంటూ.

ఆ ఐదేళ్ళూ బస్సు జోలికి ఎవరూ రాలేదు. మారెక్క పది పాసై, ఇంటర్ కూడా ఆ బస్సులోనే వెళ్ళి చదివింది. మంచి పని చేసేవాళ్ళను నా సర్వీసులో చాలామందిని చూశాను. చేసిన పనిని తనను ఓడించినవాడి చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్న మనిషిని మాత్రం ఆయనొక్కరినే చూశాను.

ఆయన పోయినప్పుడు ఆ పల్లె నుంచి ఎవరూ రాలేదు. బస్సు నిలబెట్టింది ఆయనేనని వాళ్ళకు తెలియదు కదా.